ముందే పెట్టిన సంతకాలు

పన్నెండు విమానాలు కొని, తొమ్మిదింటికి సరిపడా విడిభాగాలు తెప్పించి, మిగతా మూడింటి సంగతి మరమ్మతులు చేసే హ్యాంగర్‌లో వాళ్ళే చూసుకుంటారులే అని చేతులు దులుపుకున్న పెద్దమనుషులారా, ఈ కథలో మొదటి ముద్దాయిలు మీరే. ఒకే ఇంట్లో మెట్టిన ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పుల్లలు పెట్టి, బోర్డు కట్టి మరీ మార్కులు వేసింది మీరే. రెండువందల తొంభైయొక్క మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆకాశంలోంచి వెనక్కి తిరిగొచ్చాక, "తోడికోడళ్ళ అసూయ వల్ల జరిగిన పొరపాటు" అని రిపోర్టులో ఒక్క ముక్క గీకి పక్కన పడేసిందీ మీరే. అసూయ నిజమే. ఎవరూ దాచడం లేదు. కానీ మొత్తం వినండి.

ఆ కంపెనీవి అన్నీ పెద్ద విమానాలు. లోపల రెండు నడవాలు, వరసకి తొమ్మిది సీట్లు. ఇంజను మూతి ముందు నిలబడితే ఎంత పొడగరి అయినా పసిపిల్లాడిలా కనపడతాడు. ఇలాంటిది ఒక్క పూట నేల మీద ఊరికే నిలబడితే కంపెనీకి కంటి మీద కునుకు ఉండదు. ఏ విమానం ఏ ఊరు వెళ్ళాలి, ఎన్ని గంటలు తిరిగింది, దాని ఒంట్లో ఏ భాగానికి ఎప్పుడు గడువు తీరుతుంది అని చూడటానికి పై అంతస్తులో ఫ్లీట్ మేనేజరు ఉంటాడు. ఆయన గదిలో గోడంత తెర, తెర మీద పన్నెండు గీతలు. ఎగిరేది పచ్చగీత, ఆగినది ఎర్రగీత. పచ్చది ఎర్రబడకుండా కాపలా కాయడమే ఆయన ఉద్యోగం.

పన్నెండో గీత మాత్రం పదకొండు నెలలుగా ఎర్రగానే ఉంది. అది ముసలమ్మ. అన్నిటికన్నా పాత విమానం కాబట్టి హ్యాంగర్‌లో అందరూ అలాగే పిలుస్తారు. నలభై రోజుల పెద్ద మరమ్మతుకని లోపలికి వచ్చింది, ఇక బయటికి పోలేదు. ఎలా పోతుంది? ఎగిరే పదకొండింటిలో దేనికి ఏ భాగం చెడిపోయినా స్టోర్లో కొత్తది ఉండదు, ముసలమ్మ ఒంటి మీద ఉంటుంది. పీకు, పట్టుకుపో, తగిలించు. పీకిన చోట ఒక ఎర్ర చీటీ వేలాడదీయి. ఏ భాగం, దాని నంబరు ఎంత, ఏ విమానానికి పోయింది, ఎవరు తీశారు, ఎవరు బిగించారు అన్నీ ఆ చీటీ మీద ఉండాలి. రెండు సంతకాలూ ఉంటేనే ఆ చీటీ చెల్లుతుంది. అప్పటికి ముసలమ్మ ఒంటి నిండా నాలుగు వందల పైచిలుకు చీటీలు.

ఆ ముసలమ్మని బాగుచేసి లేపాల్సిన జట్టుకి పెద్ద దిక్కు, పదహారేళ్ళుగా స్పానర్ పట్టిన పెద్దకోడలు. రన్‌వే అవతల, విమానాలు దిగి ఎక్కే చోట, అప్పటికప్పుడు రిపేర్లు చేసి పంపించే జట్టుకి పెద్ద, ఆమె మరిది భార్య. చిన్నకోడలు. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళు. చేర్పించింది కూడా పెద్దకోడలే. "మా తోడికోడలండీ, చెయ్యి మంచిది" అని సూపర్‌వైజర్‌తో చెప్పిన నోటిని తర్వాత ఆమె ఎన్నిసార్లు కరుచుకుందో లెక్కలేదు.

చెయ్యి మంచిదే. అదే వచ్చిన చిక్కు. రెక్క కింద అరచెయ్యి పట్టే సందులో, కంటికి కనపడని చోట ఒక నట్టు ఉంటుంది. దాన్ని తిప్పడానికి పెద్దకోడలికి ఇరవై నిమిషాలు పట్టేది, మోచేయి గీరుకుపోయేది. చిన్నది చేరిన రెండో నెలలో, ఎటో చూస్తూ, ఏదో మాట్లాడుతూ మూడు నిమిషాల్లో విప్పి చేతిలో పెట్టింది. "ఇదేనా అక్కా?" అంది. ఆ రోజు కడుపులో పడ్డ నిప్పురవ్వ ఆరేళ్ళయినా ఆరలేదు.

ఇంట్లోనూ అంతే. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే వంటగది. మిక్సీని మూడుసార్లు విప్పి బాగుచేసింది పెద్దకోడలైతే, నాలుగోసారి మీట నొక్కిన చిన్నకోడల్ని చూసి అత్త మురిసిపోయింది. "చిన్నదాని చేతిలో ఏముందోగానీ ముట్టుకుంటే చాలు మిక్సీ గిర్రున తిరుగుతుందే!"

"అవునత్తా, నేను ముట్టుకుంటే ఏడుస్తుంది" అని పెద్దకోడలు గరిట ఠంగుమని పడేసింది.

"నేనేమన్నానే ఇప్పుడు?"

"ఏమీ అనలేదు. మీరెప్పుడూ ఏమీ అనరు."

పనిలో ఈ మంటని ఎగదోసింది కంపెనీ. క్యాంటీన్ గుమ్మం పక్కన బోర్డు ఉంది. వేళకి బయల్దేరిన విమానాలు ఎన్ని, ఏ జట్టు పంపింది అని వారంవారం అంకెలు. పైన చిన్నకోడలి జట్టు, నూటికి తొంభైఆరు. అడుగున హ్యాంగర్ జట్టు, ముసలమ్మ తిరిగొచ్చే తేదీ ఏడుసార్లు కొట్టేసి ఉంటుంది. ఆ తొంభైఆరు ముసలమ్మ ఒళ్ళు కోసి తెచ్చినవే అని బోర్డు మీద ఎక్కడా రాయరు. తన విమానం నుంచి ఒక భాగం పోయిన ప్రతిసారీ తోడికోడలికి మార్కు పెరుగుతుంది, తనకి తరుగుతుంది. ఇది లెక్క అని పెట్టినవాడికి ఇంట్లో ఇద్దరు కోడళ్ళు ఉండి చూడాలి, అప్పుడు తెలుస్తుంది.

చిన్నది ఫోన్ చేసేది. "అక్కా, నాలుగోదానికి చక్రం దగ్గర సెన్సర్ పోయింది. నీ దగ్గర ఉందా?"

"ఉంది. ముసలమ్మ కళ్ళు కూడా ఉన్నాయి, పీక్కుపోతావా?"

"కళ్ళు వచ్చే వారం తీసుకుంటాలే" అని చిన్నది పకపకా నవ్వేది. పెద్దకోడలి పక్కనే వైర్లు చుట్టుకుంటూ కూర్చునే ఎలక్ట్రీషియన్, అందరూ బల్బు అని పిలిచే లావుపాటాయన, "సీట్ బెల్టులు మాత్రం ఇవ్వకక్కా, రిటైరయ్యాక నేను ప్యాంటుకి కట్టుకుంటాను" అనేవాడు. పెద్దకోడలికి నవ్వు వచ్చేది కాదు.

ఇంతలో తనిఖీ అధికారి పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఆ పోస్టు వస్తే సొంత ముద్ర ఇస్తారు. ఆ ముద్ర పడితేగానీ ఏ విమానమూ కదలదు. పదహారేళ్ళు ఆ ముద్ర కోసమే చూసింది పెద్దకోడలు. సూపర్‌వైజర్ పిలిచి చెప్పాడు.

"లిస్టులో రెండే పేర్లమ్మా. రెండూ మీ ఇంటివే."

"సీనియారిటీ చూస్తారు కదా?"

"చూస్తారు. పై ఆయన బోర్డు కూడా చూస్తాడు. ముసలమ్మ ఈ నెలాఖరుకి బయటికెళ్తే నేను నీ గురించి గట్టిగా మాట్లాడతాను. లేకపోతే నా చేతుల్లో ఏముంది?"

ఆ మాట విన్న రోజే, మధ్యాహ్నం, బల్బు కబురు తెచ్చాడు. ఐదో నంబరు విమానానికి ఎడమ ఇంజను దగ్గర హైడ్రాలిక్ పంపు కారుతోందట. చక్రాలు మడవడానికి, బ్రేకులు పట్టడానికి నూనెని తోసే పంపు అది. ముసలమ్మ ఒంట్లో ఇంకా మిగిలిన మంచి వస్తువు ఆ పంపే. హ్యాంగర్‌లోకి రాకముందు తన చేత్తో తనే బిగించింది, నాలుగు వందల గంటలు కూడా తిరగలేదు. అది పోతే ఇంకోటి రావడానికి మూడు నెలలు. నెలాఖరు మాట మర్చిపోవాల్సిందే.

చిన్నది వచ్చేలోపే నిచ్చెన ఎక్కింది. నలభై నిమిషాల్లో పంపు ఊడదీసి, గుడ్డలో చుట్టి, బట్టలు మార్చుకునే గదిలో తన ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. నెలాఖరున మళ్ళీ బిగించేస్తే సరి, ఎవరికీ ఏ నష్టమూ లేదనుకుంది. ఇక ఖాళీ చోట ఎర్ర చీటీ వేలాడాలి. చీటీ మీద రెండో సంతకం కావాలి.

అదేమీ కష్టం కాదు. ఆ హ్యాంగర్‌లో ఒక అలవాటు ఉంది. రన్‌వే అవతలి నుంచి ఒక్క సంతకం కోసం బండేసుకుని రావడానికి ఇరవై నిమిషాలు, పోవడానికి ఇరవై నిమిషాలు. దాదాపు రోజూ ఏదో ఒక భాగం పోయే చోట అన్నిసార్లు ఎవరు తిరుగుతారు? "ఒక కట్ట సంతకాలు పెట్టి అక్కడ పడేయండి" అని సూపర్‌వైజరే చెప్పాడు. చిన్నది నెలకోసారి టీ తాగుతూ ముప్ఫై ఖాళీ చీటీల మీద సంతకాలు చేసి డబ్బాలో వేసి వెళ్ళేది. గుండ్రంగా ఉంటుంది సంతకం, చివర తోక.

పెద్దకోడలు డబ్బాలోంచి ఒకటి లాగింది. ఏ విమానానికి అన్న చోట తొమ్మిది అని, తేదీ దగ్గర ముందురోజుది వేసింది. తొమ్మిదోది ఆ సమయానికి సముద్రం మీద ఉంది, ఎవరూ వెళ్ళి చూడలేరు. అంతకన్నా పెద్ద ఆలోచన ఏమీ లేదు. అయితే ఆ గుండ్రటి సంతకం పక్కన తన సంతకం పెడుతుంటే మాత్రం ఆరేళ్ళలో ఎన్నడూ లేనంత చల్లగా అనిపించింది. నీ చేతులు ఎంత మంచివైనా, ఇది నువ్వు బిగించలేదే పిల్లా!

చిన్నది ఆయాసపడుతూ వచ్చింది. "అక్కా, పంపు!"

"పోయిందే. తొమ్మిదోదానికి."

"ఎప్పుడు? నాకు తెలీకుండా?"

"నిన్న రాత్రి మీ ఇంకో షిఫ్టు వాళ్ళు పట్టుకెళ్ళారు. చూడు, చీటీ వేలాడుతోంది."

చిన్నది కింద నుంచే తలెత్తి చూసి, నిచ్చెన ఎక్కి చదవకుండా, "అయ్యో, నా బోర్డు మునిగింది" అని నెత్తి కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆ నెత్తి కొట్టుకోవడం చూసి పెద్దకోడలు సాయంత్రం దాకా కూనిరాగం తీసింది.

ఇక పై అంతస్తులో ఏం జరిగిందో చూడండి. చీటీ రెండో ముక్క ప్లానింగ్ గుమాస్తా దగ్గరికి చేరింది. తొమ్మిదోదాని పంపుకి ఆ వారమే గడువు తీరుతుంది. దాని కోసమే ఎక్కడెక్కడో బతిమాలి ఒకే ఒక్క కొత్త పంపు తెప్పించారు. చీటీ చూసి గుమాస్తా ఊపిరి పీల్చుకున్నాడు. తొమ్మిదికి ముసలమ్మ పంపు పడిందట కదా, ఇక ఈ కొత్తది ఐదుకి పంపేద్దాం! తెర మీద రెండు గీతలూ పచ్చబడ్డాయి. తొమ్మిదోదాని నుంచి తీసిన పాత పంపు ఏదీ అని ఎవరూ అడగలేదు. తీసిన పాత సామానంతా వర్క్‌షాప్ బయట బుట్టల్లో వారాల తరబడి లెక్కాపత్రం లేకుండా పడి ఉంటుంది, అడిగేదెవరు?

అలా గడువు తీరిన పంపుతో తొమ్మిదోది ఇరవై రెండు రోజులు ఎగిరింది.

ఇరవై మూడో రోజు పొద్దున, బయల్దేరిన గంటన్నరకి పంపు లోపల అరిగి పొడైపోయింది. దీపం వెలిగింది, నూనె ఒత్తిడి పడిపోయింది. పైలట్లు వెనక్కి తిప్పారు. ఒక్క పంపు పోతే విమానం కూలదు, ఇంకో రెండు దారులు ఉంటాయి. ఉన్నాయి కాబట్టే దిగింది. దిగాక పొగలు కక్కే బ్రేకుల చుట్టూ అగ్నిమాపక బళ్ళు తిరుగుతుంటే, కిటికీల్లో మొహాలు తెల్లబోయి కనిపించాయి. ఇంజను మూత తీసి చూస్తే ఫిల్టర్ నిండా మెరిసే ఇనప రజను. పంపు నంబరు చదివితే కాగితాల్లో ఉన్నది కాదు. కాగితం తెస్తే దాని మీద గుండ్రటి సంతకం, చివర తోక.

మూడు రోజుల్లో విచారణ అన్నారు. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదని చిన్నకోడలికి చెప్పారు.

సూపర్‌వైజర్ పెద్దకోడలి పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "లిస్టులో ఇక ఒకటే పేరమ్మా."

నిజం చెప్పాలంటే ఆమెకి భయం వేసింది, దాని వెనకే సంతోషమూ వచ్చింది. నోరు మూసుకుంటే చాలు. పదహారేళ్ళ ముద్ర వచ్చి జేబులో పడుతుంది. పంపు సంగతి ఆ బీరువాకి, ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు.

ఆ సాయంత్రం వంటగదిలో చిన్నది గ్యాస్ కట్టేసింది. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మీట ముట్టుకుని చూసింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"అక్కా, కట్టానా నేను?"

"కట్టావు కదే, కళ్ళు లేవా?"

"కళ్ళున్నాయి. నమ్మకమే లేదు." పీట మీద కూలబడింది. "ఇంకో షిఫ్టు వాళ్ళు తెచ్చిన పంపు నేనే వేస్తానని చెప్పి మర్చిపోయానేమో అక్కా. సంతకం నాదే, ముందే పెట్టిందో తర్వాత పెట్టిందో తెలీదు. ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. ఇంకెన్ని అలా వదిలేశానో! మొన్న ఏడోదానికి బ్రేకు గొట్టం బిగించాను. బిగించానా?"

"ఊరుకో. లేనిపోనివి..."

"నువ్వయితే ఇలా చెయ్యవు. పోస్టు నీకే వస్తుందిలే. న్యాయంగా నీదే అది."

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఓడిపోవడం కూడా ఇంత చక్కగా ఓడిపోవాలా? ఒక్క తిట్టు తిట్టొచ్చు కదా, నీ కళ్ళు చల్లబడ్డాయా అని అడగొచ్చు కదా! విసురుగా లేచి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

మర్నాడు సామాన్ల గది దగ్గర పెద్దకోడలు చూసింది. సంతకం పెట్టనివ్వకపోయినా చిన్నదాన్ని చిల్లర పనులకి వాడుతున్నారు. బల్ల మీద ఒక మూతకి ఆరు స్క్రూలు బిగించాలి, అంతే. చిన్నది బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. బల్బుని పిలిచి, "అన్నా, ఒక్కసారి ఇది గట్టిగా ఉందేమో చూడవా?" అని అడిగింది. ఎప్పుడూ ఏదో ఒకటి కూసే బల్బు స్క్రూ ముట్టుకుని, "ఉందమ్మా" అని తల దించుకున్నాడు.

ఆ చేతుల్ని చూసే కదా పెద్దకోడలు ఆరేళ్ళు ఏడ్చింది! తనకి కావలసింది ఆ చేతులు. అవి తనకి రాలేదు సరే, ఇప్పుడు వాటి సొంతదారుకి కూడా లేకుండా పోతున్నాయి. తన చేతిని తను నమ్మని మెకానిక్ ఇక మెకానిక్ కాదు, సంచీ పట్టుకుని ఇంటికి పోవాల్సిందే. దీన్ని ఎవరో రాక్షసుడు చెయ్యలేదు. నలభై నిమిషాల్లో తనే చేసింది.

ఆ మర్నాడు పదింటికి విచారణ. పొడవు బల్లకి ఒకవైపు ఫ్లీట్ మేనేజరు, సూపర్‌వైజరు, భద్రతాధికారి. ఎదురుగా చిన్నకోడలు, చేతులు ఒళ్ళో దాచుకుని. పెద్దకోడల్ని ఎవరూ పిలవలేదు. తలుపు తోసుకుని వచ్చింది.

"ఆ పంపు తొమ్మిదోదానికి ఎవరూ బిగించలేదు. నా బీరువాలో ఉంది. తాళం ఇదిగో. పీకింది నేను, దాచింది నేను, చీటీ రాసింది నేను. ఈమె సంతకం నేను చీటీ రాయకముందే ఉంది."

చిన్నకోడలు మెల్లగా తల తిప్పింది. అక్కా అనలేదు.

"నువ్వా? మూడు రోజులు నా చేతుల్ని నేను తిట్టుకున్నాను. పక్కనే కూర్చుని చూశావా?"

"చూశాను. నిన్ను చూసి ఓర్వలేక చేశాను. ఇంటికెళ్ళాక నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు, పడతాను. నీ చేతులకేం కాలేదు. అది ముందు విను."

ఫ్లీట్ మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సరే, అర్థమైంది. ఇది మీ ఇంటి గొడవ. మీ మీద చర్య తీసుకుంటాం. ఆమెకి ఏ మచ్చా లేదు. ఇక్కడితో ఫైలు..."

"ఇక్కడితో ఏమీ అవ్వదు సార్. చీటీల డబ్బా తెప్పించండి."

సూపర్‌వైజరు కుర్చీలో కదిలాడు. "డబ్బా ఎందుకమ్మా ఇప్పుడు?"

"ముందే సంతకాలు పెట్టినవి ఇవాళ కూడా అందులో నలభై దాకా ఉంటాయి. పెట్టమన్నది మీరే. నేను ఒక్కటి అబద్ధం రాశాను, అది కుళ్ళుతో. మిగతావాళ్ళు తొందరలో ఎన్ని తప్పులు రాశారో మీకు తెలుసా? పదకొండు నెలల్లో నాలుగు వందల చీటీలు. ఏ భాగం ఏ విమానంలో ఉందో ఈ గదిలో ఒట్టేసి చెప్పగలిగినవాళ్ళు ఉన్నారా? మీ తెర మీద ఉన్నది రంగు సార్. విమానం కాదు."

భద్రతాధికారి రాసుకోవడం ఆపేశాడు. ఫ్లీట్ మేనేజరు గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం మూడు విమానాలు బయల్దేరాలి. ఎనిమిది వందల మంది టికెట్లు కొనుక్కుని ఉన్నారు."

అప్పుడు చిన్నకోడలు ఒళ్ళోంచి చేతులు తీసి బల్ల మీద పెట్టింది. "నాకు మచ్చ లేదన్నారు కదా సార్? అయితే నా సంతకం చెల్లుతుంది. మూత తీసి నంబరు చదవని విమానానికి నేను సంతకం పెట్టను. మా జట్టులో ఎవరూ పెట్టరు." తోడికోడలి వైపు చూడకుండానే అంది.

పెద్దకోడలి ఉద్యోగం పోయింది. పోవాల్సిందే, ఆమె కూడా కాదనలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు రెండు పొయ్యిలు. చిన్నది ఆమెతో మాట్లాడదు. బోర్డు మాత్రం క్యాంటీన్ గుమ్మం పక్కన అలాగే ఉంది, ముసలమ్మ నుంచి నిన్న కూడా రెండు వాల్వులు పీకారు. విచారణ జరిగి పదిహేడు రోజులైంది. నంబర్లు చదివింది మూడు విమానాలవే. వాటిలోనే కాగితానికీ ఇనుముకీ పొత్తు కుదరనివి ఆరు దొరికాయి. మిగతా ఎనిమిదీ వేరే జట్ల సంతకాలతో మీ తెర మీద పచ్చగా ఎగురుతున్నాయి.

రిపోర్టు రాసినవాళ్ళారా, పెన్ను పక్కన పెట్టండి. ఆ ఎనిమిదింటినీ ఈ పూటే దించండి. మూతలు తీసి ప్రతి భాగం మీదా నంబరు చదివించండి, చదివినవాళ్ళ చేత అక్కడే, ఆ నిచ్చెన మీదే సంతకం పెట్టించండి. డబ్బాలో చీటీలు స్పానర్ పట్టే మాకు ఇవ్వండి, మా ఎదురుగా చించుతాం. భాగాలు పీకడానికి ముసలమ్మ ఒంటికి ఇక స్పానర్ ఆనకూడదు, కొత్త భాగాలు ఆర్డర్ పెట్టిన కాగితం రేపు పొద్దున షిఫ్టు మొదలయ్యేలోపు ఆ బోర్డు పీకేసి అక్కడ అంటించండి. అంటించేదాకా ఏ జట్టూ ఏ విమానం కిందకీ పోదు.